ప్రీ-సీజన్ క్యాంప్‌కి ముందు వేసవి: నెల్లూరు జిల్లాలో ఒక పద్నాలుగేళ్ళ వింగర్ కేస్ స్టడీ

పద్నాలుగేళ్ళ అబ్బాయి. తొమ్మిదో తరగతిలోకి వస్తున్నాడు. ఫుట్‌బాల్‌లో ఎడమ వింగ్, అంటే మైదానం ఎడమ అంచున ఆడతాడు, తన్నేది కుడి కాలితో. మే మొదటి వారంలో నాన్నతో కలిసి మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చాడు. ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి, అక్కడే చేతికి తగిలే చిన్న బొడిపె. జూన్ మధ్యలో మొదలయ్యే ప్రీ-సీజన్ క్యాంప్‌కి ఇంకా ఆరు వారాలుంది. కిందటేడు ఇదే క్యాంప్‌లో నాలుగో రోజుకే పక్కన కూర్చున్నాడు, ఆ తర్వాత సెలక్షన్లకీ వెళ్ళలేకపోయాడు. "ఈసారి ఎట్టయినా ఆడాల సార్" అన్నాడు, నేను ఇంకా ఏమీ అడగకముందే.

తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. పిల్లవాణ్ణి గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటే. పిల్లల ఫుట్‌బాల్‌లో క్యాంప్ మొదటి వారం బయటపడే గాయాల్లో చాలావాటికి బీజం పడేది వేసవి సెలవుల్లో. మా జిల్లాలో బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ ఏడు వారాలు పిల్లలు ఎవరి చేతిలోనూ ఉండరు. కోచ్‌కి కనపడరు, బడిలో ఆటలు నేర్పే పి.ఈ.టి.కి కనపడరు. తెరిచిన వెంటనే మాత్రం రోజుకి రెండు పూటలు ప్రాక్టీస్. ఎందుకంటే ఆపైన నెల, రెండు నెలల్లోనే మండల, జిల్లా సెలక్షన్లు వచ్చిపడతాయి. అందరికీ తొందరే. ఆ తొందర బరువంతా ఎదుగుతున్న ఎముకల మీద పడుతుంది.

సెలవుల్లో ఆ అబ్బాయి ఏం చేశాడు

"సెలవులు కదా సార్, ఖాళీగానే ఉన్నాడు" అన్నాడు వాళ్ళ నాన్న. ఆ మాటతో ఊరుకోకుండా పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఒక్కో రోజు అడుగుతూ పోయాను. పిల్లల కేసుల్లో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. స్కానింగ్ చెప్పనివి కూడా ఈ కబుర్లలో దొరుకుతాయి.

పరీక్షలయ్యాక మొదటి పది రోజులు పిల్లవాడు నిజంగానే ఏమీ చేయలేదు. ఆలస్యంగా లేవడం, ఫోన్, టీవీ. తర్వాత నాన్న పనిచేసే రొయ్యల చెరువు దగ్గరికి పొద్దున్నే తోడు వెళ్ళడం మొదలుపెట్టాడు. గట్టు మీద మేత బస్తాలు మోసేవాడు. తొమ్మిదింటికి ఇంటికొచ్చి టెన్నిస్ బాల్ క్రికెట్. అందులో ఫాస్ట్ బౌలింగ్ ఇతనిదే, ఎడమ కాలి మీద బలంగా వాలి వేస్తాడు. సాయంత్రం సిమెంటు రోడ్డు మీద ఉత్త కాళ్ళతో ఫుట్‌బాల్. ఆదివారం మామయ్య మైపాడు బీచ్‌కి తీసుకెళ్ళి ఇసకలో పరిగెత్తించేవాడు. ఈ లోపల ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "ఈసారి క్యాంప్‌లో మొదటి రోజే రౌండ్లు పెడతారంటరా" అని చెప్పాడు. ఆ టెన్షన్‌తో మర్నాటి నుంచి తారు రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల పరుగు కూడా చేర్చుకున్నాడు. మూడో రోజుకి మోకాలు పట్టేసింది.

అంటే పది రోజులు శూన్యం, ఆపైన ఒక్కసారిగా కొండంత. ఇందులో ఏ ఒక్క పనీ తప్పు కాదు. చెరువు పని ఇంటికి అవసరం, క్రికెట్ పిల్లల సరదా, మామయ్యది ప్రేమ. అన్నీ కలిపి ఒక మోకాలు మోస్తోందని మాత్రం ఎవరికీ తట్టలేదు. వాళ్ళ నాన్న కూడా వింటూ వింటూ "ఇన్ని చేస్తున్నాడా వీడు?" అన్నాడు.

ఇసక గురించి ఒక మాట. ఇసకలో పరిగెత్తితే కాళ్ళు గట్టిపడతాయని మా తీరప్రాంతంలో అందరి నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. పొడి ఇసకలో పరిగెత్తడానికి గట్టి నేల మీదకంటే దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. కానీ పిక్కలకీ, వాటిని మడమ ఎముకకి కలిపే టెండన్‌కీ పని అంతే పెరుగుతుంది. నీటి అంచున తడి ఇసక గట్టిగా ఉంటుంది గానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. వారానికొకసారి కాసేపు ఆడుకోవడానికి బీచ్ మంచిది. మొదటి వారం నుంచే శిక్షణకి వాడుకోవడం మంచిది కాదు.

పరీక్షలో తేలింది

ఎత్తు 158 సెం.మీ. కిందటి ఆగస్టులో బడి రికార్డులో 151 ఉంది. తొమ్మిది నెలల్లో 7 సెం.మీ., అంటే ఏడాదికి తొమ్మిది దాటే వేగం. మగపిల్లలు అతివేగంగా ఎదిగే వయసు సగటున పద్నాలుగు, ఆడపిల్లలకి పన్నెండు. ఆ వేగంలో ఎముక ముందు సాగుతుంది, కండరం వెనకబడుతుంది. తొడ ముందు కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి ముంగాలి ఎముక పైభాగంలో ఒక బొడిపెకి అతుక్కుంటుంది. ఈ వయసులో ఆ బొడిపె ఇంకా పూర్తిగా ఎముకై గట్టిపడి ఉండదు. పరుగు, గెంతుడు, తన్నుడు ప్రతిసారీ దాన్ని లాగుతాయి. పందిరి గుంజ పాతిన మట్టి ఇంకా ఆరకముందే తాడు బిగించి లాగినట్టుంటుంది. దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మడమ దగ్గర ఇలాంటిదే వస్తే సీవర్స్ అంటారు, అది ఇంకాస్త చిన్న పిల్లల్లో కనపడుతుంది.

ఎక్స్‌రే అవసరం పడలేదు. నొక్కితే సరిగ్గా ఆ బొడిపె దగ్గరే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే పదికి ఆరు. రాత్రి నిద్రలో నొప్పి లేదు, జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, కీలులో నీరు చేరలేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి. తుంటి కీలు కూడా లోపలికీ బయటికీ తిప్పి చూశాను. పది నుంచి పదిహేనేళ్ళ పిల్లలు మోకాలి నొప్పి అంటూ వస్తే తుంటి చూడకుండా పంపకూడదు. తుంటి బంతి దగ్గర ఎదుగుదల పొర జారిపోయే జబ్బు ఒకటుంది, అది చాలాసార్లు మోకాలి నొప్పిగానే బయటపడుతుంది. దాన్ని గమనించకపోతే జీవితాంతం కుంటు మిగలొచ్చు. ఇతనికి తుంటి బాగానే ఉంది.

ఒంటికాలి మీద మడమ ఎత్తడం కుడివైపు 22 సార్లు, ఎడమవైపు 14. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిస్తే మడమ పిరుదుకి జానెడు దూరంలోనే ఆగిపోయింది. గుండె, ఆయాసం, స్పృహ తప్పడం, కుటుంబంలో చిన్న వయసు మరణాలు వంటి ప్రశ్నలన్నీ అడిగాను, దేనికీ అనుమానం లేదు.

ఓపిక కొలిచే యో-యో టెస్ట్ మాత్రం మొదట్లో పెట్టలేదు. సెలవుల నుంచి వచ్చిన పిల్లల్ని మొదటి రోజే ఆయాసం ఆగిపోయే దాకా పరిగెత్తించి ఫిట్‌నెస్ కొలవడం నాకు ఇష్టం ఉండదు. ఆ కొలతే ఒక గాయానికి దారి.

వాళ్ళ నాన్న రెండు సందేహాలు అడిగాడు. పుత్తూరు కట్టు వేయిద్దామా అన్నది మొదటిది. ఎముక విరగలేదు కాబట్టి కట్టేస్తే లాభం లేదనీ, కదలకపోతే తొడ కండరం ఇంకా సన్నబడుతుందనీ చెప్పాను. రెండోది బూట్ల గురించి. "పాత రోజుల్లో మన ఇండియా టీమ్ ఉత్త కాళ్ళతోనే ఆడింది కదా సార్?" ఆడింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు. కానీ వాళ్ళు ఆడింది పచ్చిక మీద. మన పిల్లలు ఆడేది మే నెలలో ఎండి రాయిలా మారిన నేల మీద. ఇలాంటి నేల మీద పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు కూడా పనికిరావు. స్టడ్ నేలలో దిగదు, కాలు గట్టి మొనల మీద నిలబడి బెణుకుతుంది. అందుకే పొట్టి రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ షూ కొనమన్నాను. రెండేళ్ళు పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనొద్దని కూడా చెప్పాను.

లెక్క

శిక్షణ భారాన్ని కొలవడానికి నేను వాడేది పాత పద్ధతే. పిల్లవాడికి ఎంత కష్టమనిపించిందో పదికి ఒక అంకె చెప్పమంటాను, దాన్ని నిమిషాలతో గుణిస్తాను. పిల్లలకి అంకె చెప్పడం రావాలంటే ఒక గుర్తు కావాలి. పరిగెత్తుతూ పాట పాడగలిగితే మూడు, మాట్లాడగలిగితే ఐదు, ఒక్కో మాటే బయటికొస్తుంటే ఎనిమిది. రెండు రోజుల్లో నేర్చుకుంటారు. అబద్ధం కూడా తక్కువే చెబుతారు, ఎందుకంటే ఎక్కువ చెబితే తిట్టరనీ తక్కువ చెబితే మెచ్చుకోరనీ ముందే మాట ఇస్తాను.

కిందటేడు క్యాంప్ షెడ్యూల్ తెప్పించి లెక్క కట్టాను. పూటకి 90 నిమిషాలు, రోజుకి రెండు పూటలు, వారానికి ఆరు రోజులు. పిల్లలు చెప్పిన కష్టం దాదాపు ఏడు. 90ని 2తో, 6తో, 7తో గుణిస్తే 7,560. సెలవుల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్న పిల్లవాడు ఈ అంకె కింద నిలబడాలి. పెద్ద క్లబ్బుల్లో జీతం తీసుకునే ఆటగాళ్ళని కూడా ఇలా దింపరు.

ఆరు వారాల ప్లాన్ ఈ లెక్క ప్రకారం వేశాను. మొదటి వారం మూడు రోజులు, రోజుకి 35 నిమిషాలు, కష్టం నాలుగు దాటకుండా: 420. రెండో వారం నాలుగు రోజులు, 40 నిమిషాలు: 640. మూడో వారం నాలుగు రోజులు, 50 నిమిషాలు, కష్టం ఐదు: 1,000. నాలుగో వారం ఐదు రోజులు: 1,250. ఐదో వారం గంటకి, కష్టం ఆరుకి పెరిగి 1,800. ఆరో వారం 70 నిమిషాలు: 2,100. చెరువు పని, క్రికెట్ కూడా ఇందులోకే వస్తాయి, వాటిని పక్కన పెట్టి లెక్క కట్టడానికి లేదు. బస్తాలు మోసిన రోజు పరుగు లేదు. క్రికెట్ ఆడొచ్చు గానీ మొదటి మూడు వారాలు బౌలింగ్ వద్దు, బ్యాటింగ్, కీపింగ్ చేసుకోమన్నాను. దీనికే ఎక్కువ బేరాలాడాడు.

మోకాలికి ఇచ్చినవి

మొదటి రెండు వారాలు పరుగు, గెంతడం, గట్టిగా తన్నడం ఆపించాను. పూర్తి విశ్రాంతి మాత్రం ఇవ్వలేదు. కాలు కదలకుండా తొడ కండరం బిగించి పట్టుకోవడం, గోడకి ఆనుకుని సగం కూర్చోవడం, వెల్లకిలా పడుకుని మడమలు బల్ల మీద పెట్టి నడుము ఎత్తడం, మడమ ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడి బంతిని చేతికి అందించడం. బంతితో నెమ్మదిగా పాస్‌లు, వచ్చిన బంతిని కాలితో ఆపే ట్రాపింగ్ మొదటి రోజు నుంచే ఉన్నాయి. పిల్లల చేతిలోంచి బంతి పూర్తిగా లాగేస్తే వాళ్ళు మన మాట వినడం మానేస్తారు, దొంగచాటుగా ఆడతారు. ఆ దొంగాట మనకి లెక్క తెలియని ఆట.

నొప్పికి ఒకటే సూత్రం. చేసేటప్పుడు పదికి మూడు దాకా ఫర్వాలేదు, కానీ మర్నాడు పొద్దున లేచేసరికి పాత స్థాయికి దిగాలి. దిగకపోతే ముందు రోజు చేసింది ఎక్కువైనట్టే, ఒక మెట్టు వెనక్కి. దీన్ని ఒక నోట్‌బుక్‌లో వాళ్ళ అమ్మ రాసేది. పిల్లవాడు "నొప్పేం లేదమ్మా" అన్న రోజున కూడా మెట్లు దిగేటప్పుడు కాలెలా వేస్తున్నాడో చూసి రాసేది. ఈ కేసులో నాకు దొరికిన అన్నిటికంటే నమ్మకమైన సమాచారం ఆ నోట్‌బుక్కే.

మూడో వారం నుంచి జాగింగ్, గుంజీల్లాంటి స్క్వాట్, ఒక కాలు ముందుకి వేసి మోకాళ్ళు వంచే లంజ్. నాలుగో వారం నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ళ 11+ వార్మప్ చేర్చాను. అందరికీ తెలియాల్సిన పద్ధతి ఇది. పదిహేను వ్యాయామాలు, మూడు భాగాలు, మొత్తం 20 నిమిషాలు: మొదట 8 నిమిషాల పరుగు, తర్వాత బలం, గెంతుడు, బ్యాలెన్స్ 10 నిమిషాలు, చివర 2 నిమిషాల వేగ పరుగు. బంతి, ఓ జత కోన్లు తప్ప ఖర్చు లేదు. నార్వేలో ఆడపిల్లల జట్లపై జరిగి 2008లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో దీన్ని చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు సగానికి దగ్గరగా తగ్గాయి. పదమూడేళ్ళ దాకా పిల్లలకి దీనిలోనే వేరే రకం ఉంది.

ఇందులో ఒక మార్పు తప్పలేదు. తొడ వెనక కండరానికి ఇచ్చే నార్డిక్ వ్యాయామం మోకాళ్ళ మీద నిలబడి చేయాలి. నొప్పి ఉన్న బొడిపె మీద ఒంటి బరువంతా మోపితే అది ఇంకా రేగుతుంది. కాబట్టి ఇతనికి నార్డిక్ బదులు మడమలు బల్ల మీద పెట్టి నడుము ఎత్తేదే చివరి దాకా ఉంచాను, రెండు కాళ్ళ నుంచి ఒంటి కాలికి మార్చుతూ. ఇతనితో కలిసి ప్రాక్టీస్ చేస్తున్న బృందంలోని మిగతా పిల్లలు నార్డిక్ మూడు నుంచి ఐదు సార్లతో మొదలుపెట్టారు. మొదటి రోజే పదిహేను చేయిస్తే మర్నాడు కుర్చీలోంచి లేవలేరు.

రోహిణి కార్తె

రోళ్ళు పగిలే కార్తె మా ప్లాన్‌లో సరిగ్గా నాలుగు, ఐదు వారాల్లో వచ్చింది. శిక్షణ పెంచాల్సింది అప్పుడే, పడమటి వడగాలి కొట్టేదీ అప్పుడే. నెల్లూరుకి అసలు వానలు అక్టోబర్ తర్వాతే కాబట్టి జూన్ వచ్చినా ఎండ తగ్గదు. క్యాంప్ కూడా వేడిలోనే జరుగుతుంది. అంటే ఒంటిని వేడికి అలవాటు చేయాలి, కానీ వేడిలో పడేయకూడదు.

శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, అదే పనికి గుండె తక్కువ కొట్టుకుంటుంది. పిల్లల్లో ఇది పెద్దవాళ్ళకంటే నెమ్మది. వాళ్ళకి చెమట తక్కువ, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ చర్మం గుండా వేడి లోపలికే వస్తుంది. అందుకే మొదటి మూడు వారాలు పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి ఆరున్నరలోపే ముగించాం. నాలుగో వారం నుంచి వారంలో రెండు రోజులు సాయంత్రం ఐదున్నరకి, సముద్రపు గాలి తిరిగాక. పది నుంచి నాలుగున్నర మధ్య ఎవరినీ గ్రౌండ్‌లోకి రానివ్వలేదు. వడగాలి హెచ్చరిక ఉన్న రోజు సాయంత్రం ఆట రద్దు, బదులు ఇంట్లో ఫ్యాన్ కింద బలం వ్యాయామాలు.

ఒక సాయంత్రం ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత బరువు చూశాం. 44 కిలోల పిల్లవాడు గంటలో 800 గ్రాములు తగ్గాడు, అంటే ఒంటి బరువులో 1.8 శాతం. రెండు శాతం దాటితే ఆట దెబ్బతినడం మొదలవుతుంది, పిల్లలకి తలనొప్పి, చిరాకు వస్తాయి. ఆ అంకె చూపించాక వాళ్ళంతట వాళ్ళే బాటిల్ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పావుగంటకోసారి గ్లాసులో ముప్పాతిక నీళ్ళు, ఇంటికెళ్ళాక ఉప్పేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ వాడాల్సి వస్తే లీటరు ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, చిటికెడు చిటికెడు వేస్తే పాళ్ళు తప్పుతాయి. దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా.

తల్లిదండ్రులకీ కోచ్‌కీ గట్టిగా చెప్పిన విషయం ఒకటుంది. వేడిలో ఆడుతున్న పిల్లవాడు తడబడుతూ నడిచినా, అడిగిన దానికి పొంతన లేని జవాబు చెప్పినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేస్తూనే, అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా, అక్కడికక్కడే చొక్కా విప్పి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు గుమ్మరించాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అందుకని గ్రౌండ్ పక్కన ఎప్పుడూ రెండు డ్రమ్ముల నీళ్ళు ఉండేలా చూశాం.

తిండి, నిద్ర

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకి బడి రోజుల్లో మధ్యాహ్న భోజన పథకం కింద కోడిగుడ్డు, చిక్కీ, రాగి జావ అందుతాయి. బడి మూసేస్తే అవీ ఆగిపోతాయి. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర కూడా చాలా ఇళ్ళలో అంతటితో మర్చిపోతారు. పిల్లలు ఎదిగే కాలంలో, శిక్షణ పెంచుతున్న కాలంలోనే తిండి తగ్గుతుందన్నమాట. ఈ విషయం ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. ప్రొటీన్ పౌడర్ కొనాలా అని అడిగిన నాన్నలకి వద్దని చెప్పి, ఆ డబ్బుతో రోజూ రెండు గుడ్లు, వేరుశనగలు, బెల్లం, అరటిపండు, ఇంట్లో చేసే చేపల పులుసు చాలన్నాను. పొద్దున ప్రాక్టీస్‌కి ముందు పెరుగన్నం లేదా రాగి జావ కొంచెం. ఖాళీ కడుపుతో రావద్దు.

ఇదే బృందంలో పదమూడేళ్ళ అమ్మాయి ఒకరు. తేలికపాటి జాగింగ్‌కే కష్టం ఎనిమిది అని చెప్పేది. ఒళ్ళు వంచడం లేదని తోటివాళ్ళు అనేవారు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, ఆ వయసుకి కనీసం 12 ఉండాలి. డాక్టర్ మందులు రాశారు. ఆమెకి క్యాంప్‌లో సగం భారమే పెట్టాం. ఆ ఎనిమిదిని సాకుగా కొట్టిపారేసి ఉంటే ఆ అమ్మాయి ఆటే మానేసేది.

నిద్ర విషయంలో గెలిచింది కొంతే. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. కరెంటు పోయిన రాత్రులు, ఐపీఎల్ రాత్రులు అది కుదరలేదు. అలాంటి మర్నాడు ప్రాక్టీస్ తగ్గించడం తప్ప వేరే దారి లేదు.

కోచ్‌తో మాట

ఎంత సిద్ధం చేసినా క్యాంప్ పాత పద్ధతిలో ఉంటే ఫలితం ఉండదు. ఆరో వారంలో 2,100 దగ్గరున్న పిల్లవాణ్ణి 7,560లోకి తోస్తే మళ్ళీ అదే కథ. అందుకే మే చివర్లో కోచ్ గారిని కలిశాను. అనుభవం ఉన్న మనిషి, ఈ పిల్లల కోసం సొంత జేబులోంచి బంతులు కొన్న మనిషి. ఆయన అభ్యంతరం న్యాయమైనదే: "మొదటి వారం గట్టిగా చేయించకపోతే సెలక్షన్ల నాటికి ఓపిక ఎట్టొస్తుంది సార్? అవతలి జట్లు మనకోసం ఆగవు కదా?"

పాఠాలు చెప్పకుండా ఆయన దగ్గరున్న హాజరు పట్టీనే ఇద్దరం కలిసి చూశాం. కిందటేడు రెండో వారానికి ఎంతమంది పక్కన కూర్చున్నారో అందులోనే ఉంది. తొడ వెనక కండరం పట్టేసిన వాళ్ళు, ముంగాలి నొప్పి వాళ్ళు, మడమ నొప్పి వాళ్ళు. జట్టులో బలమైన పిల్లలే ఎక్కువ, ఎందుకంటే అందరికంటే ముందు పరిగెత్తేది వాళ్ళే. రెండో వారానికి మీ మొదటి పదకొండు మందిలో ఎంతమంది గ్రౌండ్‌లో ఉండాలని మీరనుకుంటున్నారు అని అడిగాను. ఆయన చాలాసేపు పట్టీనే చూశారు.

ఇద్దరం కలిసి వేసిన మొదటి వారం: రోజుకి ఒక్క పూట, 75 నిమిషాలు, ఆరు రోజులు, కష్టం ఆరు. మొత్తం 2,700. రౌండ్లు తీసేసి చిన్న గ్రౌండ్‌లో నలుగురికి నలుగురు ఆట పెట్టాం. గుండెకి పని అంతే పడుతుంది, పైగా పాస్, మలుపు, వేగం కూడా అందులోనే వస్తాయి. రెండో వారంలో రెండు రోజులు మాత్రం రెండు పూటలు. ఓపిక మూడో వారానికి వస్తుందని మాట ఇచ్చాను. ఆ మాట ఇవ్వడానికి ధైర్యం ఆ ఆరు వారాలే ఇచ్చాయి.

ఏమైంది

క్యాంప్ మొదటి రోజుకి అబ్బాయికి ఒంటికాలి గెంతులో నొప్పి ఆరు నుంచి రెండుకి దిగింది. ఎడమవైపు మడమ ఎత్తడం 14 నుంచి 21కి వచ్చింది. మొదటి వారం అన్ని రోజులూ ఆడాడు. రెండో వారంలో రెండు పూటలున్న రోజు సాయంత్రం నొప్పి నాలుగుకి వెళ్ళింది, మర్నాడు పొద్దున తగ్గలేదు. ఆ రోజు అతన్ని గోల్ కిక్‌లకీ షూటింగ్‌కీ దూరంగా పెట్టి పాసింగ్ మాత్రం చేయించారు. ఆ నిర్ణయం తీసుకుంది కోచ్ గారే, నాకు సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఆ ఫోన్.

బృందంలో ఒక మడమ బెణుకు, ఒకరికి తొడ పట్టేయడం జరిగాయి. రెండో వారం చివరికి మిగతా అందరూ గ్రౌండ్‌లోనే ఉన్నారు. మూడో వారంలో యో-యో పెట్టాం. ఎక్కువమంది కిందటేడు తమ దూరాన్ని దాటారు. ఒక్క బృందం, ఒక్క వేసవితో ఏదీ నిరూపణ కాదు. కిందటేడు పడిపోయిన పిల్లలే ఈ ఏడు నిలబడ్డారన్నది మాత్రం ఆ పట్టీలో ఉంది.

వాళ్ళ నాన్నకి మొదటి రోజే చెప్పిన విషయం ఇక్కడ మళ్ళీ రాయాలి. ఆస్‌గుడ్-ష్లాటర్ ఆరు వారాల్లో పోయే జబ్బు కాదు. డెన్మార్క్‌లో పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు 51 మందితో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, భారం తగ్గించి బలం పెంచే ఇలాంటి పద్ధతితోనే, పన్నెండు వారాలకి తిరిగి ఆటలోకి వచ్చింది 16 శాతం, ఏడాదికి 69 శాతం. చాలామందికి నొప్పి ముందే తగ్గుతుంది, ఆట మాత్రం నెమ్మదిగా వస్తుంది. ఈ అబ్బాయి ఆరు వారాల్లో ఆడగలిగాడంటే నొప్పి మొదలైన కొద్ది రోజులకే తీసుకొచ్చారు కాబట్టి, భారాన్ని మేం దగ్గరుండి చూశాం కాబట్టి. నెలల తరబడి నొప్పితో ఆడిన పిల్లలకి ఇదే గడువు పెట్టుకుంటే కుదరదు. నొప్పి మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడించడం, మోకాలిలో ఇంజెక్షన్ వేయించడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

ఇప్పుడు సెప్టెంబర్. మండల సెలక్షన్‌లో ఆడాడు, జిల్లా జట్టుకి ఎంపిక కాలేదు, వచ్చే ఏడు మళ్ళీ వెళ్తాడు. బొడిపె అలాగే ఉంది, అది ఉండిపోతుంది కూడా, నొప్పి లేనంత వరకు దానితో ఇబ్బంది లేదు. మ్యాచ్ మర్నాడు అప్పుడప్పుడు ఒకటి, రెండు. వారంలో రెండు రోజులు బలం వ్యాయామాలు సాగుతున్నాయి. బౌలింగ్ కూడా మొదలుపెట్టాడు, వారంలో ఒక్క రోజే.

కోచ్ గారు ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున పిల్లలందరి ఎత్తూ గోడ మీద గీసి కొలుస్తున్నారు. నెలకి 0.6 సెం.మీ. దాటి ఎదుగుతున్న వాళ్ళ పేర్ల పక్కన చుక్క పెట్టి, వాళ్ళకి ఆ నెల గెంతే వ్యాయామాలు తగ్గిస్తున్నారు. ఏప్రిల్ పరీక్షలకి ముందే తల్లిదండ్రులని పిలిచి మాట్లాడాలని అనుకున్నాం. ఆరు వారాల నిమిషాలు, నొప్పి సూత్రం, నీళ్ళ లెక్క ఒకే కాగితం మీద తెలుగులో ముద్రించి ప్రతి ఇంటికీ ఇస్తాం. చెరువు పనికో పొలం పనికో వెళ్ళే పిల్లలకి ఆ గంటలు కూడా రాసుకునేలా అందులో ఒక గడి పెట్టాం.